అండమాన్ ఆదిమజాతులు: ఒక హేతువాది ఆత్మవిమర్శ

2018 నవంబరులో ఉత్తర సెంటినెల్ దీవికి దొంగచాటుగా వెళ్ళిన ఒక అమెరికన్ యువకుడు అక్కడి సెంటినెలీల చేతిలో చనిపోయాడు. క్రీస్తు సువార్త వినిపించడానికి వెళ్ళాడతను. చట్టం వద్దంటున్నా మత్స్యకారులకు డబ్బిచ్చి రాత్రివేళ దీవి దగ్గరికి చేరాడు. ఆ నెల మా హేతువాద సంఘం సమావేశంలో అనుకున్న విషయం పక్కకి పోయి దీని మీదే పెద్ద చర్చ జరిగింది. మత ప్రచారకుడు చేసింది తప్పని అందరం ఒప్పుకున్నాం. అందులో మాకు ఇబ్బందేముంది! అసలు ఇబ్బంది రిటైరైన ఇంజనీరు మిత్రుడొకాయన లేచి అడిగిన ప్రశ్నతో వచ్చింది.

"అందరికీ వైద్యం అందాలని, చదువు అందాలని మనం అంటాం కదా. మరి ఓ వంద మందిని రాతియుగంలో వదిలేసి, చుట్టూ పడవలతో కాపలా కాస్తే అది జంతు ప్రదర్శనశాల కాదా? పాదిరీ వెళ్ళకూడదు, సరే. డాక్టరు ఎందుకు వెళ్ళకూడదు?"

ఆ రోజు ఆయన్ని సమర్థించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. "ఆదిమ జీవితం గొప్పదని పొగడటం కూడా ఒక మూఢనమ్మకమే" అని ఓ మాట కూడా అన్నాను. చప్పట్లు పడ్డాయి. ఇంటికొచ్చాక మాత్రం పాత సంగతొకటి గుర్తొచ్చి మనసు అదోలా అయింది.

మా మేనమామ కొడుకు చాలా కాలంగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాడు (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు). మనవాళ్ళు అక్కడ తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. 2007లో వాడింటికి వెళ్ళినప్పుడు అందరిలాగే మేమూ బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడటానికి బయల్దేరాం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నిటినీ ఆపి, పోలీసుల కాపలాతో ఒక వరుసగా అడవిలోకి వదులుతారు. అది జారవాల అడవి. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు అని బోర్డులున్నాయి. దారిలో ఒక మలుపు దగ్గర పదేళ్ళ కుర్రాడొకడు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. బస్సు నెమ్మదించింది. నేను చేతిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ కిటికీలోంచి వాడికి విసిరాను. వాడు పట్టుకున్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓ ఆకలిగొన్న పిల్లాడికి తిండి పెట్టానన్న తృప్తి కూడా పొందాను. వాడు ఆకలిగా ఉన్నాడని నాకెవరు చెప్పారు?

ఆ సమావేశం తర్వాత అండమాన్ చరిత్ర దొరికినంత చదివాను. చదివాక, ఆ రోజు నేను చెప్పింది తప్పని తేలింది. 2025 మార్చిలో మరో అమెరికన్ అదే దీవి ఒడ్డున దిగి, కొబ్బరికాయ, డైట్ కోక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. మళ్ళీ అవే వాదనలు మొదలయ్యాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక పాత అబద్ధం సంగతి చూద్దాం. అండమాన్ వాసులు నరమాంస భక్షకులని శతాబ్దాల పాటు లోకం నమ్మింది. వాళ్ళకి కుక్క తలలుంటాయని కూడా మార్కో పోలో పుస్తకం రాసింది. ఆయన ఆ దీవుల్లో కాలు పెట్టలేదు, ఎవరో చెప్పింది విని చెప్పాడు. నరమాంస భక్షణకు ఆధారం ఏదీ ఎప్పుడూ దొరకలేదు. ఒక రకంగా ఆ పుకారే వాళ్ళని కాపాడింది. ఓడలవాళ్ళు భయపడి దూరంగా పోయేవాళ్ళు.

ఈస్టిండియా కంపెనీ 1789లో అక్కడ ఒక స్థావరం పెట్టింది కానీ, రోగాలకు తట్టుకోలేక 1796లో ఎత్తేసింది. 1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను ఉంచడానికి చోటు కావలసి వచ్చింది. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరం మొదలైంది. అప్పటికి అండమాన్‌లో నాలుగు జనసమూహాలుండేవి. ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్‌లలో పది తెగలుగా ఉన్న గ్రేట్ అండమానీలు, దక్షిణాన జారవాలు, లిటిల్ అండమాన్‌లో ఓంగీలు, పడమటి పక్క చిన్న దీవిలో సెంటినెలీలు. వీళ్ళలో గ్రేట్ అండమానీలే ఎక్కువ. ఆనాటి వాళ్ళ సంఖ్య మీద వేర్వేరు అంచనాలున్నా, కొన్ని వేలమంది అన్నదాంట్లో వివాదం లేదు.

అడవి నరుకుతుంటే వాళ్ళు ఎదురు తిరిగారు. 1859 మేలో అబెర్డీన్ దగ్గర పెద్ద దాడి చేశారు. తప్పించుకుపోయి ఏడాదిపాటు వాళ్ళతోనే బతికిన దూధనాథ్ తివారీ అనే ఖైదీ ముందుగానే వచ్చి బ్రిటిష్ వాళ్ళకి ఉప్పందించాడు. తుపాకుల ముందు బాణాలు ఓడిపోయాయి. ఇక్కడిదాకా మనకు తెలిసిన వలస పాలన కథే. ఆ తర్వాత జరిగినదే మనలాంటి వాళ్ళు శ్రద్ధగా చదవాలి.

యుద్ధంతో కాకుండా దయతో వాళ్ళని దారికి తేవాలనుకున్నారు. 1863లో రెవరెండ్ కార్బిన్ అనే చర్చి అధికారి ఆధ్వర్యంలో 'అండమాన్ హోమ్' మొదలుపెట్టారు. అక్కడ ఇల్లు, బట్ట, తిండి, పొగాకు ఇస్తారు. ఇంగ్లీషు నేర్పుతారు, పని నేర్పుతారు. వాళ్ళని చంపాలని ఆ హోమ్ పెట్టలేదు. బాగుచేయాలనే పెట్టారు. ఫలితం ఏమిటి? ఆ హోమ్‌లలో పుట్టిన పిల్లల్లో దాదాపు ఎవరూ రెండేళ్ళు దాటి బతకలేదు. సిఫిలిస్ పాకింది. 1877లో తట్టు వచ్చింది. హోమ్‌కు వచ్చి వెళ్ళే వాళ్ళ ద్వారా రోగాలు లోపలి దీవులకు, బయటి మనిషిని కంటితో చూడని వాళ్ళ దాకా చేరాయి. 1901 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది. 1931లో 90. 1961లో 19.

వేలమంది ఒక్క వందేళ్ళలో 19 మంది అయ్యారు. తుపాకీతో చనిపోయినవాళ్ళు ఇందులో కొద్దిమందే. ఇప్పుడు యాభైమందికి పైగా ఉన్నారు, కానీ పది తెగల భాషల్లో దాదాపు అన్నీ పోయాయి. బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. కొన్నేళ్ళపాటు ఆమెతో ఆ భాషలో మాట్లాడగల వాళ్ళెవరూ లేరు.

ఎందుకింత ఘోరం జరిగింది? వాళ్ళు "బలహీన జాతి" కాబట్టి అని ఆనాటి దొరలు రాశారు. ఇదీ మూఢనమ్మకమే, కాకపోతే సైన్సు చొక్కా తొడుక్కుంది. అసలు కారణం తేలికగానే అర్థమవుతుంది. తట్టులాంటి రోగం ఒకసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదు. అలాంటి రోగం ఒకచోట ఆరిపోకుండా నిలవాలంటే ఎప్పుడూ కొత్తగా పుట్టే పిల్లలు కావాలి, అంటే కొన్ని లక్షల జనాభా ఉండాలి. పట్నాలున్న దేశాల్లో అది పిల్లల రోగంగా స్థిరపడింది. యాభై, వంద మంది గుంపులుగా బతికే చోట అది నిలవలేదు. కాబట్టి అక్కడ అది వచ్చిందంటే పసివాళ్ళు, తల్లులు, వేటకు వెళ్ళేవాళ్ళు, ముసలివాళ్ళు అందరూ ఒకే వారంలో పడిపోతారు. నీళ్ళు తెచ్చేవాళ్ళుండరు, తిండి తెచ్చేవాళ్ళుండరు. రోగంతో చావని వాళ్ళు దాహంతో, ఆకలితో చస్తారు. మన ఊళ్ళో పిల్లాడికి తట్టు వస్తే పక్కన అమ్మ కూర్చుంటుంది. అక్కడ అమ్మకి కూడా తట్టే.

ఇక సెంటినెల్ దీవి. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి పెద్ద బలగంతో ఆ దీవిలో దిగాడు. జనం ఇళ్ళొదిలి అడవిలోకి పారిపోయారు. చాలారోజులు వెతికాక ఒక ముసలి జంట, నలుగురు పిల్లలు దొరికారు. ఆరుగురినీ పోర్ట్ బ్లెయిర్ తీసుకొచ్చారు. వెంటనే జబ్బుపడ్డారు. ముసలివాళ్ళిద్దరూ చనిపోయారు. మిగిలిన నలుగురు పిల్లలకూ బోలెడు బహుమతులిచ్చి తిరిగి దీవిలో దింపి వచ్చేశారు. ఆ బహుమతులతో పాటు వాళ్ళు ఇంకేం మోసుకెళ్ళారో, ఆ తర్వాత అక్కడ ఎంతమంది పోయారో రాసిపెట్టిన వాళ్ళు లేరు. బయటివాళ్ళ పరిచయం వల్ల ఈ జాతులకు కీడే తప్ప మేలు జరగలేదని ఇదే పోర్ట్‌మన్ తర్వాత ఒప్పుకున్నాడు. సెంటినెలీలు బయటివాళ్ళని చూడగానే విల్లు ఎందుకెత్తుతారని అడిగేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అదంతా తెల్లవాళ్ళ పాపం అనేసి మనం చేతులు దులుపుకోవచ్చా? కుదరదు. 1901లో ఓంగీలు 672 మంది. స్వతంత్ర భారతం 1960ల చివర్లో వాళ్ళ లిటిల్ అండమాన్‌ని వలసదారులకు తెరిచింది. అడవి కొట్టేశారు. తిరుగుతూ బతికే మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టి రేషన్ అలవాటు చేశారు. సారా కూడా అలవాటైంది. 2011 నాటికి వాళ్ళు సుమారు వందమంది. 2008 డిసెంబరులో డుగాంగ్ క్రీక్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలోని ద్రవాన్ని సారా అనుకుని తాగి ఎనిమిదిమంది చనిపోయారు. వందమందిలో ఎనిమిదిమంది అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

జారవాల కథ నాకు వ్యక్తిగతం కూడా. వాళ్ళ అడవి మధ్యగా అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. వాళ్ళు చాలాకాలం బాణాలతో అడ్డుకున్నారు. 1996లో కాలు విరిగి పడి ఉన్న జారవా కుర్రాడిని పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తెచ్చి, నెలల తరబడి ప్రేమగా చూసి, నయం చేసి పంపారు. మంచిపనే, ఎవరూ తప్పు పట్టరు. ఆ తర్వాత ఏడాదికి జారవాలు అడవి బయటికి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్ళకి తట్టు సోకింది. డాక్టర్లు కష్టపడి కాపాడారు. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలోంచి పోయే రోడ్డు మూసేయమంది. మూయలేదు. నేను వెళ్ళింది ఆ తీర్పు వచ్చిన ఐదేళ్ళకి. 2012లో తిండి కోసం జారవా ఆడవాళ్ళ చేత పర్యాటకుల ముందు డాన్సు చేయించిన వీడియో బయటికొచ్చినప్పుడు దేశమంతా ఛీ అంది. నేనూ అన్నాను. అది నా బిస్కెట్ ప్యాకెట్‌కి కొనసాగింపేనని మాత్రం అప్పుడు తోచలేదు.

ఇక్కడ నిజాయితీగా ఒక విషయం చెప్పాలి. జారవాలు అంతరించిపోలేదు. శతాబ్దం మారేనాటికి 240 దాకా ఉన్నవాళ్ళు 2011 లెక్కల్లో 380 అయ్యారు. వాళ్ళ అడవి వాళ్ళకి ఉంది. 2004లో వచ్చిన విధానం వాళ్ళని "అభివృద్ధి" చేసే పథకాలను పక్కన పెట్టింది. అవసరమైనప్పుడు వైద్యం మాత్రం అందుతోంది. అంటే పరిచయం జరిగిపోయిన చోట డాక్టరు కావాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. 2020 ఆగస్టులో పదిమంది గ్రేట్ అండమానీలకు కరోనా వచ్చినప్పుడు మా సంఘంలో ఆందోళన పడని వాళ్ళు లేరు. కానీ పరిచయం జరగని చోట డాక్టరు కూడా ఒక బయటి మనిషే. అతని ఊపిరి కూడా ఊపిరే.

మన ప్రభుత్వం సెంటినెలీల దగ్గరికీ వెళ్ళింది. 1967 నుంచి మానవశాస్త్రజ్ఞుడు టి. ఎన్. పండిట్ బృందాలు కొబ్బరికాయలు, గిన్నెలు ఒడ్డున పెట్టి వచ్చేవి. 1974లో కట్టేసిన పందిని, ఒక బొమ్మని ఇస్తే వాళ్ళు రెంటినీ ఇసుకలో పాతిపెట్టారు. 1991 జనవరిలో మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం నుంచి తొలిసారి నీళ్ళలోకి వచ్చి కొబ్బరికాయలు అందుకున్నారు. విజయం అనుకున్నారంతా. మరి తర్వాతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు లేకనే 1996 నాటికి ఆ యాత్రలు ఆపేశారు. 1956 నాటి ఆదిమజాతుల పరిరక్షణ నిబంధన ప్రకారం ఆ దీవి చుట్టూ అయిదు కిలోమీటర్లలోకి ఎవరూ పోకూడదు. దూరం నుంచి కంటితో చూడు, చేయి వేయకు అన్నదే ఇప్పటి విధానం. అందుకే వాళ్ళ జనాభా లెక్క కూడా దూరం నుంచి కనిపించిన తలలే. 2001లో 39, 2011లో 15 అని రాశారు. అసలెంతమందో అది చెప్పదు.

ఈ మాట ఒక్క మన దేశానిదే కాదు. బ్రెజిల్‌లో సిడ్నీ పోసువెలో స్వయంగా ఎన్నో తెగలతో తొలి పరిచయాలు చేసిన మనిషి. పరిచయం తర్వాత వాళ్ళు రాలిపోవడం చూసి మనసు మార్చుకున్నాడు. 1987లో ఆ దేశం తానుగా వెళ్ళి పలకరించే పద్ధతి మానేసి, భూమికి హద్దులు గీసి కాపాడే పద్ధతికి మళ్ళింది. పెరూలో 1984లో కలప నరికేవాళ్ళ ద్వారా బయటి లోకంతో పరిచయమైన నహువా జనంలో సగానికి పైగా రోగాలతో పోయారు.

ఇప్పుడు మా ఇంజనీరు మిత్రుడి ప్రశ్నకు వస్తాను.

రాతియుగం అన్నాడాయన. అది తప్పు. సెంటినెలీలు ఇనుము వాడతారు. 1981లో ఆ దీవి దగ్గర ఇరుక్కుపోయిన ప్రిమ్‌రోజ్ లాంటి ఓడల ఇనుముని కొట్టి బాణాల ములుకులు చేసుకున్నారు. వాళ్ళు మనలాగే ఈ శతాబ్దపు మనుషులు. వాళ్ళ బతుకు వేరు, అంతే.

జంతు ప్రదర్శనశాల అన్నాడు. అక్కడ కంచె లోపలి ప్రాణి బయటికి రాకుండా ఉంటుంది, మనం టిక్కెట్టు కొని చూస్తాం. సెంటినెల్ చుట్టూ ఉన్న కంచె మనం లోపలికి పోకుండా. వాళ్ళకి పడవలున్నాయి. రావాలనుకుంటే ఎవరూ ఆపడంలేదు. ప్రదర్శనశాల ఏదైనా ఉంటే అది నేనెక్కిన బస్సు పోయిన రోడ్డే.

వైద్యం అన్నాడు. ఒకసారి వెళ్ళి రెండు సూదులు వేసి వస్తే వైద్యం కాదు. ఏళ్ళ తరబడి వెళ్ళాలి, వాళ్ళు ఒప్పుకోవాలి, ఏ ఒక్కసారీ ఏ ఒక్కరూ జలుబు మోసుకెళ్ళకూడదు. 160 ఏళ్ళ అండమాన్ చరిత్రలో ఇలా జరిగిన ఉదాహరణ ఒక్కటి చూపించండి. హోమియోపతి డాక్టరు ఎంత మంచివాడన్నది మనం అడగం, మందు పనిచేసిందా అని అడుగుతాం. ఇక్కడ మాత్రం ఉద్దేశం మంచిదని మార్కులెందుకు వేయాలి? ఫలితాల పట్టిక మన ముందే ఉంది కదా.

అలాగని వాళ్ళ జీవితం స్వర్గమని నేననను. వాళ్ళకి బాధలుండవని, అన్యాయాలుండవని నాకెలా తెలుసు? 2004 సునామీని వాళ్ళు ఏదో అతీంద్రియ జ్ఞానంతో ముందే పసిగట్టారని కొందరు రాస్తుంటారు. సునామీ తర్వాత మన హెలికాప్టర్ వెళ్తే ఒకాయన విల్లెత్తి గురిపెట్టాడు, అంటే బతికున్నారు. అంతకు మించి కల్పించినదంతా మన సరదానే. పాదిరీ వాళ్ళలో పోగొట్టుకున్న ఆత్మల్ని చూస్తాడు, ఇంకొకరు ప్రకృతి రుషుల్ని చూస్తారు, మేము వెనకబడిన రోగుల్ని చూశాం. ముగ్గురిలో ఎవరమూ వాళ్ళనేం కావాలని అడగలేదు. వాళ్ళు మాత్రం అడక్కుండానే స్పష్టంగా చెబుతున్నారు.

సెంటినెల్ గురించి ఇలా మాట్లాడటం తేలిక, ఎందుకంటే ఆ చిన్న దీవి మనకేమీ అక్కర్లేదు. అసలు పరీక్ష గ్రేట్ నికోబార్‌లో ఉంది. అక్కడి షోంపెన్‌లు 2011 లెక్కల్లో 229 మంది. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ బయటివాళ్ళకు దూరంగా అడవిలో ఉంటారు. ఆ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, లక్షల మందికి పట్నం కట్టే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. ఇది షోంపెన్‌లకు మరణశిక్ష అవుతుందని 2024 ఫిబ్రవరిలో వివిధ దేశాల నిపుణులు 39 మంది రాష్ట్రపతికి లేఖ రాశారు. తట్టు నిలవడానికి కావలసిన జనాభా ఎంతని పైన చెప్పాను? ఆ జనాభాని మనమే తీసుకెళ్ళి వాళ్ళ పక్కన పెడుతున్నాం. ఇది అభివృద్ధా కాదా అని వాదించుకునే ముందు, 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగినవాళ్ళూ స్థావరమే కట్టారని గుర్తుంచుకుంటే చాలు.

ఇదంతా మా సంఘంలో మళ్ళీ చెప్పాను. మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. "వాళ్ళ పిల్లల్లో ఒకడికి చదువుకోవాలని ఉంటే?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఉంటే వస్తాడు. వచ్చిన రోజున వాడికి తట్టు అంటించకుండా, సారా తాగించకుండా, డాన్సు చేయించకుండా, బస్సు కిటికీలోంచి బిస్కెట్లు విసరకుండా చూసుకునే సమాజం సిద్ధంగా ఉండాలి. మనం ముందు ఆ పని చూద్దాం అన్నాను.

మీలో ఎవరైనా అండమాన్ వెళ్తుంటే ఒక్క మాట. బారాటాంగ్‌కి పర్యాటకుల కోసం 2017లో సముద్ర మార్గం మొదలుపెట్టారు. దాని సంగతి కనుక్కోండి. అది కుదరకపోతే గుహలు చూడటం మానేయండి. సున్నపురాయి గుహలు మనకి బొర్రాలోనూ ఉన్నాయి.